వయోజన డిగ్రీ విద్యార్థుల ఇంగ్లీషు పఠన సాధనపై ఉమ్మడి సభ తీర్మానం

దూరవిద్యలో డిగ్రీ చదువుతున్న వయోజన విద్యార్థులు, వారికి ఆదివారాలు ఇంగ్లీషు చెప్పే కౌన్సెలర్లు జిల్లా కేంద్రంలోని అధ్యయన కేంద్రంలో ఉమ్మడిగా సమావేశమయ్యారు. ఇంగ్లీషు చదివి అర్థం చేసుకునే సాధన, విద్యార్థులందరూ ‘ప్యాసేజీ’ అని పిలిచేది, ఇకపై ఎలా సాగాలో చర్చించి ఈ కింది తీర్మానాన్ని సవరణలతో ఆమోదించారు.

సభ గమనంలోకి తీసుకున్న విషయాలు

1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది. దేశంలో ఆ తరహా విశ్వవిద్యాలయం అదే మొదటిది. 1991 నుంచి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టుకుంది. ఇంటర్ పాస్ కానివారు సైతం అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరవచ్చని అది తెరిచిన దారిలో, ఆ తర్వాత ఇతర విశ్వవిద్యాలయాలు పెట్టిన దూరవిద్య కేంద్రాల్లో, చదువు మధ్యలో ఆగిపోయినవాళ్లు ఎందరో మళ్లీ పుస్తకం పట్టారు. ఈ సభలో కూర్చున్నవారిలో అంగన్‌వాడీ టీచర్లున్నారు, ఆర్టీసీ కండక్టర్లున్నారు, హోంగార్డులు, ఏఎన్ఎంలు, కిరాణా కొట్టు నడిపేవాళ్లు, పిల్లలు కాలేజీకి వచ్చాక తామూ చేరిన తల్లులు ఉన్నారు. చరిత్ర, రాజనీతి, అర్థశాస్త్రం తెలుగులో చదివి గట్టెక్కుతున్న వీరు ఇంగ్లీషు పేపరు దగ్గర ఆగిపోతున్నారు. ఆ ఒక్క పేపరు మిగిలిపోయి ప్రమోషన్ ఆగినవారు తమ మాట తామే సభకు చెప్పారు.

ఆ పేపర్లో ప్యాసేజీ మార్కులు ఊరికే వస్తాయని గైడ్లు చెబుతాయి. కిటుకు అందరికీ తెలుసు. ప్రశ్నలోని మాట ప్యాసేజీలో ఎక్కడుందో వెతకాలి, ఆ వాక్యాన్ని ఫుల్‌స్టాప్ దాకా దించెయ్యాలి. ఇందులో చదవడం ఏపాటి ఉందో చూపడానికి ఒక కౌన్సెలర్ బోర్డు మీద అర్థంలేని తెలుగు వాక్యం ఒకటి రాశారు: ‘జూమిణి నిన్న మొలాకాన్ని చిదిలించింది.’ కింద మూడు ప్రశ్నలు వేశారు. మొలాకాన్ని ఎవరు చిదిలించారు? ఎప్పుడు చిదిలించారు? జూమిణి దేన్ని చిదిలించింది? సభ ముక్తకంఠంతో మూడింటికీ సరైన జవాబు చెప్పింది. జూమిణి మనిషో పిట్టో, మొలాకం తినేదో కట్టుకునేదో చెప్పమంటే మాత్రం ఎవరూ నోరు విప్పలేదు. మన విద్యార్థులు ఇంగ్లీషు ప్యాసేజీలో ఏళ్ల తరబడి చేస్తున్నది ఈ పనే. దీనికి మార్కులు వస్తాయి కాబట్టి ఇది చదవడం కాదన్న అనుమానం వారికీ రాదు, దిద్దేవారికీ రాదు. ఇంట్లో బ్యాంకు నుంచి ఇంగ్లీషు ఉత్తరం వచ్చిన రోజున గానీ సంగతి బయటపడదు. ఆ ఉత్తరం కింద ప్రశ్నలుండవు మరి.

క్లాసు నడిచే తీరును కూడా సభ పరిశీలించింది. ఒకరు గట్టిగా చదువుతారు. సారో మేడమో ఒక్కో వాక్యానికి తెలుగు చెబుతారు. తక్కినవారు ఆ తెలుగు రాసుకుని, ఇంటికి వెళ్లి దాన్నే చదువుతారు. గంట క్లాసులో విద్యార్థి కళ్లు ఇంగ్లీషు మీద ఆనేది కొద్ది నిమిషాలే. బోధకుల్లో కొందరికి ఈ మాట కష్టంగా తోచినా కాదనలేకపోయారు.

ఇచ్చే ప్యాసేజీల స్థాయి మరో చిక్కు. మార్సెల్లా హు, పాల్ నేషన్ 2000లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఎవరి సాయమూ లేకుండా ఒక కథను సరిగా అర్థం చేసుకోవాలంటే చాలామందికి అందులోని మాటల్లో దాదాపు 98 శాతం ముందే తెలిసి ఉండాలి. అంటే 50 మాటలకు తెలియనిది ఒకటి. మన విద్యార్థి చేతికొచ్చే ప్యాసేజీలో ఒక్కోసారి వరుసకే రెండు మూడు తెలియని మాటలు తగులుతాయి. అలాంటి చోట ఆయన చేస్తున్నది నిఘంటువు తిరగెయ్యడం. పఠన సాధన అని దానికి పేరు పెట్టడం న్యాయం కాదు.

ఇదేమీ కొత్త సమస్య కాదనీ, దీనికి దారి చూపినవారు మన ఉపఖండంలోనే పనిచేశారనీ సభ గుర్తు చేసుకుంటున్నది. ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల నడిపిన మైకేల్ వెస్ట్ 1926లో బెంగాల్ ద్విభాషా విద్యపై రాసిన గ్రంథంలో చదవడానికే మొదటి పీట వేశాడు. చదువు ఎప్పుడు ఆగిపోతుందో తెలియని పిల్లవాడికి, ఆగిన రోజున చేతిలో మిగిలేది చదివే శక్తే అన్నది ఆయన వాదం. కొత్త మాటలను కొద్దికొద్దిగా దింపుతూ, దింపినదాన్ని మళ్లీ మళ్లీ ఎదురుపడేలా చేస్తూ ఆయన వాచకాలు తయారుచేశాడు. తరచు వాడే సుమారు 2,000 మాటలతో 1953లో ఆయన వెలువరించిన జాబితాను ఇంగ్లీషు బోధనలో ఇప్పటికీ తలుచుకుంటారు. ఆయన చూసింది బడిపిల్లలను, మనం చూస్తున్నది సంసారాలు ఈదుతున్న పెద్దలను. తేడా ఉంది, అది మనకు అనుకూలమైన తేడా. పెద్దవారికి ఇంగ్లీషు తక్కువ తెలియవచ్చు, లోకం తక్కువ తెలియదు. చదివేటప్పుడు అర్థాన్ని పట్టిచ్చేది భాషతోపాటు ఈ లోకజ్ఞానమే. ఇప్పటిదాకా నడిచిన సాధన దాన్ని గుమ్మం బయటే వదిలి రమ్మన్నది.

కావున సభ తీర్మానిస్తున్నది

ఒకటి. ఆదివారం ఇంగ్లీషు క్లాసులో మొదటి 40 నిమిషాలు మౌన పఠనానికే. ఆ సమయంలో బోధకులు అర్థాలు చెప్పరు, ఎవరూ గట్టిగా చదవరు. ఒకసారి మొత్తం చదివాక దేని గురించి రాశారో ఒక్క వాక్యంలో రాసుకుని, ఆ తర్వాతే రెండోసారి చదవాలి. తెలియని మాట దగ్గర ఆగకుండా దాటి వెళ్లడం నేర్చుకోవడం కూడా ఈ సాధనలో భాగమే. దీనికి మొదట్లో ప్రాణం ఒప్పదని, ముఖ్యంగా జాగ్రత్తగా చదివే అలవాటున్నవారికి ఇది మరీ కష్టమని సభకు తెలుసు.

రెండు. ప్యాసేజీలను విద్యార్థుల బతుకుల్లోంచే ఏరాలి. మొదటి సెమిస్టరులో మాత్రల పట్టీ మీద ఎర్ర గీత పక్కన అచ్చయ్యే హెచ్చరిక, బస్సు పాసు నిబంధనలు, బ్యాంకు రుణం మంజూరు లేఖ, క్రికెట్ మ్యాచ్ వార్త వంటివి ఇవ్వాలి. మందుల కాగితం చదివే రోజున ఏఎన్ఎం విద్యార్థినులే క్లాసుకు పెద్దదిక్కు. ఆ రోజు కౌన్సెలర్ పక్కన కూర్చుని వింటే తప్పులేదు.

రెండో సెమిస్టరులో 2005 నాటి సమాచార హక్కు చట్టం నుంచి 6, 7 సెక్షన్లు చేపట్టాలి. చట్టం ఇంగ్లీషు ముళ్లబాట అని ఒక సభ్యుడు అభ్యంతరం చెప్పారు. నిజమే, వాక్యం ఒక చోట మొదలై ఐదు వరుసల తర్వాత తేలుతుంది. అయితే దరఖాస్తు ఆ ప్రాంతపు అధికార భాషలో, అంటే ఇక్కడ తెలుగులోనే, ఇవ్వవచ్చని, ఎందుకు అడుగుతున్నావో చెప్పనక్కర్లేదని, మామూలుగా 30 రోజుల్లోనూ, మనిషి ప్రాణానికీ స్వేచ్ఛకూ సంబంధించినదైతే 48 గంటల్లోనూ సమాచారం ఇవ్వాలని అందులో రాసి ఉంది. తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరిగినవారికి ఈ వాక్యాలు ఎంత పొడవున్నా బరువనిపించవు. ‘ఒకామె తమ్ముణ్ణి స్టేషనుకు తీసుకెళ్లారు. అతన్ని ఎక్కడ ఉంచారో తెలపమని ఆమె దరఖాస్తు పెట్టింది. ఎంతసేపట్లో సమాధానం రావాలి?’ అని అడిగితే, సెక్షన్‌ను అర్థం చేసుకున్నవారే జవాబు చెప్పగలరు. తమ్ముడు, స్టేషను అన్న మాటలు ఆ సెక్షన్‌లో ఎంత వెతికినా దొరకవు.

అంబేద్కర్ స్వయంగా రాసుకున్న ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ నుంచి చిన్ననాటి కోరేగావ్ ప్రయాణం భాగాన్ని ఏటా తప్పనిసరిగా చదవాలని విద్యార్థుల పక్షం ప్రతిపాదించగా సభ హర్షధ్వానాలతో ఆమోదించింది. ఇంగ్లీషు సరళంగా, వాక్యాలు తేటగా ఉండడం ఒక కారణం. అందులో చెప్పకుండా వదిలిన సంగతులను పట్టుకోవడం మన విద్యార్థులకు ఎవరూ నేర్పనక్కర్లేకపోవడం రెండోది.

రాజ్యాంగ ప్రవేశిక మూడో సెమిస్టరుకు ఉంచాలి. అదంతా ఒకే వాక్యం. కర్త మొదట్లో కనిపిస్తుంది, ప్రధాన క్రియ చివరికి గానీ రాదు. మధ్యలో ఉన్నదంతా ఏ మాటకు ఏది అతుకుతుందో గీతలు గీసి చూపడమే ఆ వారం పని. విషయం తెలుగులో అందరికీ కంఠతా వచ్చు కాబట్టి దృష్టి మొత్తం వాక్యం కట్టుబడి మీదే పెట్టవచ్చు.

మూడు. ప్యాసేజీలో కనిపించే మాటలనే ప్రశ్నలో పెట్టి, వాక్యం దించితే సరిపోయే ప్రశ్నలను ఈ కేంద్రంలో సాధనకు వాడరాదు. పైన చెప్పిన కోరేగావ్ ప్రయాణంలో బండివాడు రెట్టింపు బాడుగ తీసుకుని కూడా బండి తోలకుండా పక్కన నడుస్తాడు, పిల్లలే తోలుకుంటారు. ‘పిల్లలు ఎంత బాడుగ ఇచ్చారు?’ అన్నది పనికిరాని ప్రశ్న. ‘డబ్బు తీసుకున్నవాడు నడవడానికి ఎందుకు సిద్ధపడ్డాడు?’ అన్నది పనికొచ్చే ప్రశ్న. ప్రతి ప్యాసేజీకి అలాంటివి మూడు చాలు. ఇలాంటి ప్రశ్నలు తయారుచెయ్యడానికి బోధకులకు ఎక్కువ సమయం పడుతుంది. దాని గురించి ఫిర్యాదులు వినడానికి సభ సిద్ధంగా లేదు.

నాలుగు. సాధన వేళల్లో జవాబు తెలుగులో చెప్పవచ్చు, రాయవచ్చు. ఈ అంశం మీదే చర్చ వేడెక్కింది. ఇంగ్లీషు క్లాసులో తెలుగు జవాబులేమిటి, ఉన్న కాస్త అలవాటూ పోతుందని అనుభవజ్ఞులైన ఇద్దరు కౌన్సెలర్లు గట్టిగా వ్యతిరేకించారు. అర్థమైందా లేదా అన్నది ఒక పరీక్ష, అర్థమైనదాన్ని ఇంగ్లీషులో చెప్పగలరా అన్నది ఇంకో పరీక్ష, రెండింటినీ ఒకే ప్రశ్నలో ముడేస్తే విద్యార్థి ఎక్కడ తప్పాడో తెలియదని మిగిలినవారు వాదించారు. ఇంగ్లీషులో రాయమంటే విద్యార్థి భయపడి మళ్లీ వాక్యం దించే కిటుకుకే పోతాడన్న వాదన ఎక్కువమందిని ఒప్పించింది. రెండో సెమిస్టరు నుంచి మూడు ప్రశ్నల్లో ఒకదానికి ఇంగ్లీషులో, సొంత మాటల్లో, జవాబు రాయాలన్న సవరణతో ఈ అంశం మెజారిటీతో నెగ్గింది. ఇద్దరి భిన్నాభిప్రాయం నమోదైంది.

ఐదు. ఫోన్లను నిషేధించాలన్న ప్రతిపాదన వీగిపోయింది. ఇంట్లో జ్వరంతో ఉన్న పిల్లను వదిలి వచ్చిన తల్లిని ఫోన్ ఆపెయ్యమనడం సభకు నచ్చలేదు. మొదటిసారి చదవడం పూర్తయ్యేదాకా అనువాదం యాప్ తెరవరాదు, తర్వాత ఒక్కో మాటకు అర్థం చూసుకోవచ్చు, పేరా మొత్తాన్ని ఫొటో తీసి తెలుగులోకి మార్చుకోకూడదు. ఇది పట్టుకోవడానికి కాపలా పెట్టే ఉద్దేశం లేదు.

ఆరు. ఎవరినీ పేరు పెట్టి లేపి నలుగురి ముందు గట్టిగా చదివించరాదు, సాధన మార్కులు బయటికి చదవరాదు. కౌన్సెలర్ వయసులో చిన్నవారైతే విద్యార్థులను ‘గారు’ అనే పిలవాలి.

ఏడు. పరీక్షలను నిర్లక్ష్యం చెయ్యరాదు. ప్రతి సెమిస్టరు చివరి రెండు ఆదివారాలు పాత ప్రశ్నపత్రాలకే కేటాయించాలి. బ్యాంకు క్లర్కు ప్రిలిమ్స్‌లో ఇంగ్లీషుకు 30 ప్రశ్నలు, 20 నిమిషాలు. గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఇంగ్లీషు అర్హత పేపరు, అందులో గట్టెక్కకపోతే మిగతా పేపర్ల మార్కులు లెక్కకు రావు. వీటికి సిద్ధమయ్యేవారికి వేగం అవసరం కాబట్టి గడియారం పెట్టి చదివే సాధన విడిగా ఉండాలి. అర్థం కాకముందే వేగం కోసం తొందరపెట్టడం మాత్రం కూడదని సభ అభిప్రాయం.

ఎనిమిది. డిగ్రీ ఇంగ్లీషు ప్రశ్నపత్రాలు తయారుచేసేవారు ప్యాసేజీ కింద కనీసం రెండు ప్రశ్నలైనా దించుకోవడానికి వీల్లేనివి ఇవ్వాలని, ఆ ప్రశ్నలకు జవాబు దిద్దేటప్పుడు వ్యాకరణ దోషాలకు మార్కులు కొయ్యవద్దని సభ కోరుతున్నది. దీనికి జవాబు వస్తుందన్న ఆశ పెద్దగా లేకపోయినా కోరడం మానరాదని తీర్మానించడమైనది.

తొమ్మిది. చదివిన ప్యాసేజీలన్నీ ఒక ఫైలులో పెట్టి కేంద్రం గ్రంథాలయంలో ఉంచాలి. ఆదివారం డ్యూటీ పడి రాలేనివారు వారం మధ్యలో వచ్చి తీసుకోవచ్చు. జిరాక్సు ఖర్చు కేంద్రం భరించాలని సమన్వయకర్తను సభ కోరగా, వారు అంగీకరించారు.

పది. రెండు సెమిస్టర్లు గడిచాక, అంతకుముందు ఎవరూ చూడని ఒక ప్యాసేజీని అందరికీ ఇచ్చి, పై పద్ధతి పనిచేసిందో లేదో విద్యార్థులు, కౌన్సెలర్లు కలిసే తేల్చాలి. ఆ ప్యాసేజీని నాలుగో అంశాన్ని వ్యతిరేకించిన ఇద్దరే ఎంపిక చెయ్యాలి. ఫలితం సంతృప్తికరంగా లేదని వారు భావిస్తే నాలుగో అంశం మళ్లీ ఓటింగుకు వస్తుంది.

ప్రతిపాదన: విద్యార్థుల పక్షం. బలపరిచినది: కౌన్సెలర్ల పక్షం. నాలుగో అంశం మెజారిటీతో, తక్కినవి ఏకగ్రీవంగా ఆమోదం. ప్రతులు: అధ్యయన కేంద్రం సమన్వయకర్తకు, ఇంగ్లీషు పాఠ్య ప్రణాళిక సంఘానికి, పరీక్షల విభాగానికి, నోటీసు బోర్డుకు.