కౌంటు తప్పింది ఎవరిది?

ఈ నెల ముట్టు లెక్క రాస్తా వుండాను. మగవాళ్ళు పేజీ తిప్పొద్దు, ఇది మీకు కూడా.

మా లైనులో ఒక పాప వుంది. హోసూరు పక్క స్పిన్నింగ్ మిల్లులో సైడరు పని. పెండ్లయి నాలుగేండ్లు. కడుపు పండలేదని అత్త దినామూ సాధిస్తా వుంటుంది. "పద్నాలుగో దినం కలిస్తే నిలుస్తుంది అన్నారు పెద్దమ్మా, నెలనెలా అదే చూస్తా వుండాము" అని నా దగ్గర ఏడ్చింది. నీకు ఎన్ని దినాలకు ముట్టు వస్తుందని అడిగితే వేళ్ళు మడిచి చెప్పింది: 34, 36, 35.

లెక్క అక్కడే తప్పింది. ఆ పద్నాలుగు ముందు నుంచి లెక్కపెట్టేది కాదు, వెనక నుంచి. గుడ్డు విడుదలైన సుమారు 14 దినాలకు వచ్చే ముట్టు వస్తుంది. 28 దినాలకు వచ్చేవాళ్ళకు అది 14వ దినం. 35 దినాల పాపకు 35లో 14 తీస్తే 21. గుడ్డు బతికేది ఒక దినమే. మగవాని బీజం లోపల అయిదు దినాల దాకా బతుకుతుంది. అందుకే ఆ పాపకు 16 నుంచి 21 దాకా ఆరు దినాలు ముఖ్యం. ఇది ఉజ్జాయింపు లెక్క. నిద్ర చెడినా, దిగులు పట్టినా జరగొచ్చు. బిడ్డ వద్దనుకునేవాళ్ళు దీన్ని నమ్ముకోవద్దు. అన్ని ఫ్రేముల్లోనూ 40 కౌంటు నూలే రాదు కదా, ఆడవాళ్ళ ఒళ్ళూ అంతే.

ఇంగ్లాండులో ఓల్డామ్ కూడా నూలు మిల్లుల ఊరే. 1978 జూలై 25న ప్రపంచంలో మొదటి టెస్ట్‌ట్యూబ్ బిడ్డ అక్కడే పుట్టింది. తల్లికి గర్భనాళాలు మూసుకుపోయినాయి. గుడ్లు పెంచే సూదులు వేయకుండా, ఉచ్చ పరీక్షలో హార్మోను పెరిగేది చూసి, గంటలు లెక్కపెట్టి గుడ్డు తీసినారు. ఆ పని చేసిన ఎడ్వర్డ్స్‌కు 2010లో నోబెల్ ఇచ్చినారు. తర్వాత బెర్లిన్‌లో లెక్కల పండితులు ఆడవాళ్ళ నెల మొత్తాన్నీ కంప్యూటరులో లెక్కలుగా కట్టి, ఏ దినం మందిస్తే ఏ హార్మోను ఎట్లా మారుతుందో చూసినారు.

ఇంతా చెప్పి పాపను అడిగినాను, మీ ఆయన పరీక్ష చేయించుకున్నాడా అని. తల వంచుకుంది. ఆమెకు రెండు స్కానింగులు, మూడు గుళ్ళ మొక్కులు. అతనికి ఏమీ లేదు. నాకూ ఆరేండ్లు బిడ్డలు లేరు. అన్నేండ్లూ గొడ్రాలన్న మాట నేనే పడినాను, నా మొగుణ్ణి ఒక్కరూ అడగలేదు.

అతన్ని పిలిచినాను. "నాయనా, రింగు ఫ్రేముకు ఎన్ని పక్కలు?" అన్నాను. "రెండు" అన్నాడు. "దారం తెగతా వుంటే ఫిట్టరు ఒక పక్కే చూసి పోతాడా?" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. సోమవారం లీవు పెట్టి పెండ్లాముతో సర్కారు ఆస్పత్రికి పోయినాడు. అక్కడ తేలింది వాళ్ళ ఇంటి మాట, నేను రాయను.

ఏడాది చూసీ నిలవకపోతే ఇద్దరూ డాక్టరు దగ్గరికి పోండి. ఆడమనిషికి 35 దాటితే ఆరు నెలలకే పోండి. టెస్ట్‌ట్యూబ్ వైద్యానికి 2021లో చట్టం వచ్చింది, రిజిస్టరు కాని ఆస్పత్రి ఆ వైద్యం చెయ్యకూడదు. తాళి తాకట్టు పెట్టే ముందు రిజిస్టరు కాగితం చూపించమని అడగండి.

క్యాలెండరులో ముట్టు దినం చుట్టూ సున్న పెట్టేది ఈ నెలే మొదలుపెట్టండి. వచ్చే నెల కలుస్తాను.