సైనిక ప్రమాణమనే మాట

అమెరికాలో తుపాకుల అంగళ్లలో తరచుగా వినవచ్చే మాట ‘మిల్‌స్పెక్’. మిలిటరీ స్పెసిఫికేషన్ అనే పదబంధాన్ని కుదించగా ఏర్పడిన రూపమిది. సైనిక ప్రమాణమని మనము తెలిగించుకొనవచ్చును. ఎ.ఆర్.-15 రైఫిలుకు చెందిన లోయర్ రిసీవరు అనే భాగాన్ని అమ్మేవారిలో ఈ మాట వాడనివారు అరుదు. అందరి సరకూ సైన్యానికి తగినదే అయితే ఆ మాటకు ఇక అర్థమేమున్నదని అడుగవలసి వస్తున్నది.

ఈ రైఫిలును రెండుగా విడదీస్తే పై సగంలో గొట్టమూ బోల్టూ ఉంటవి. ట్రిగ్గరు, పిడి, మడమ, తూటాల పెట్టె అమరేది క్రింది సగానికి. అదే లోయర్ రిసీవరు. చూడబోతే ఒంటిచేత పట్టుకొనదగిన అల్యూమినియపు డొల్ల. అయినా అమెరికా సమాఖ్య చట్టం దృష్టిలో తుపాకి అనగా ఇదే. వరుససంఖ్యయు, తయారీదారు పేరును చెక్కేది దీనిమీదనే. అందుచేతనే కోల్ట్ గొప్పదా, డానియల్ డిఫెన్స్ గొప్పదా, ఏరో ప్రిసిషన్ చాలదా అనే వాదము అక్కడ ఎడతెగక సాగుతున్నది.

విచిత్రమేమనగా, తూటా పేలినప్పటి ఒత్తిడిని భరించేది ఈ భాగం కానేకాదు. బోల్టు పళ్లు గొట్టం మొదట బిగుసుకొని ఆ భారాన్ని వహిస్తవి. క్రింది భాగానికి కావలసినది రంధ్రాలు ఉండవలసిన చోట ఉండుట, కొలతలు తప్పకుండుట. లోహము 7075-టి6 అనే అల్యూమినియం మిశ్రమము, అచ్చులో పెట్టి సుత్తిపోటుతో రూపు తెచ్చినది. పైన 8625వ సంఖ్యగల సైనిక పత్రం మూడవ తరగతిగా పేర్కొన్న గట్టి ఆనొడైజింగ్ పూత. పేరుపడిన సంస్థలు సామాన్యంగా ఇంతవరకు పాటిస్తున్నవి. కాని ఈ దిమ్మలను కొట్టే కర్మాగారాలు కొద్దిపాటివే. ఒకేచోట కొట్టిన దిమ్మలు వేరువేరు సంస్థలకు పోయి, వేరువేరు ముద్రలు ధరించి, వేరువేరు ధరలకు అమ్ముడుపోతున్నవి. తేడా ఉండేది తొలిచే పనిలోని నిదానంలోను, కొలత తప్పినదానిని ప్రక్కకు పారవేసే నిజాయతీలోను. అది ముద్ర చూచి తెలిసేది కాదు.

మడమను మోసే గొట్టం సంగతి చూడండి. మిల్‌స్పెక్ గొట్టం వ్యాసం సుమారు 1.148 అంగుళాలు, ‘కమర్షియల్’ అనే గొట్టానిది 1.168. ఒకదాని మడమ మరొకదానికి సరిగా కుదరదు. ఇక్కడ మిల్‌స్పెక్ అనేది ప్రధానంగా ఒక కొలతకు పేరు. సైన్యానికి తుపాకులందించిన కోల్ట్ సంస్థయే ఒకప్పుడు పౌరులకమ్మిన రైఫిళ్లలో ట్రిగ్గరు చీలలను 0.154 అంగుళాలకు బదులు 0.170 చేసినది. పేరు కోల్టుదే, కొలత సైన్యానిది కాదు. అదీగాక, సైనికుని ఎం-4 ఎడతెగకుండ కాల్చగలది. 1986 మే 19 తరువాత తయారైన అట్టి ఆయుధాన్ని సామాన్య పౌరుడు కొనరాదు. కనుక పౌరునికి అమ్మే లోయర్ రిసీవరు సైనిక పత్రానికి అక్షరాల సరిపోవుట అసంభవము. అమ్మేవారికి ఇది తెలియనిదా?

అసలు స్పెసిఫికేషన్ అనగా ఉత్తమత్వం కాదు, ఇంతకు తగ్గితే పుచ్చుకొనమని చెప్పే హద్దు. ఉపాధ్యాయులకు దీనిని విప్పి చెప్పనక్కరలేదు. 35 మార్కులతో గట్టెక్కినవానిని తరగతిలో మొదటివాడని ఎవరూ అనరు. 1994లో అమెరికా రక్షణమంత్రి విలియం పెర్రీ, ఇట్టి పత్రాలను గత్యంతరం లేనిచోటనే, అదియు ప్రత్యేకానుమతితో వాడవలెనని తన శాఖను ఆదేశించినారు. అంగళ్లలో మాత్రము ఆ మాట మోజు తగ్గలేదు.

తెలుగులో ప్రమాణ శబ్దానికి కొలత అనే అర్థమున్నది, ఒట్టు అనే అర్థమున్నది. నైయాయికులకు అది యథార్థజ్ఞాన సాధనం: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు. శబ్దప్రమాణమనగా ఆప్తుని వాక్యం. సైనిక పత్రం కొలతను చెప్తున్నది; తనిఖీ అధికారి కొలిచి ప్రత్యక్షం చేస్తాడు. అంగడివాడు ఒట్టు పెట్టి దానిని శబ్దప్రమాణంగా చెల్లించుకొంటున్నాడు. సరకు అమ్ముకొనేవాడు ఆప్తుడెట్లగును?

సైన్యంలోనే తనిఖీ తప్పుదారి పట్టినప్పుడు ఏమగునో వియత్నాం యుద్ధం చూపినది. యూజీన్ స్టోనర్ రూపొందించిన రైఫిలు ఎం-16 పేరుతో సైన్యంలోకి వచ్చినది. తూటాలలో మొదట వాడిన మందు ఒకటి; 1964లో సైన్యం మరొక మందుకు మారినది. దానితో తుపాకి నిమిషానికి 850 తూటాల పరిమితిని మించి కాల్చసాగినది. లోపల మసి పేరుకొన్నది. కాలిన డొల్లలు బయటికి రాక ఇరుక్కొన్నవి. కొత్త మందుతో తుపాకులు పరీక్షకు నిలువవని కర్మాగారంవారు మొరపెట్టుకొనగా, పరీక్షలకు పాత మందునే వాడుకొనుటకు అనుమతి లభించినది. యుద్ధరంగానికి మాత్రము కొత్త మందే వెళ్లినది. కాగితంమీద ప్రతి తుపాకీ ఉత్తీర్ణమే. అడవులలో మొరాయించిన తుపాకిని చేతబట్టుకొని ప్రాణాలు విడిచిన కుర్రవాళ్లున్నారు. 1967లో అమెరికా ప్రతినిధుల సభకు చెందిన ఇచర్డ్ ఉపసంఘం విచారణ జరిపి, ఆ మందు మార్పునూ, దానిని నడిపిన అధికారుల తీరునూ తీవ్రంగా గర్హించినది.