కంప్యూటర్ కబుర్లు: వంటశాలలోకి ఎవరిని రానివ్వాలి?

"మా అబ్బాయి బెంగళూరులో కెర్నల్ మీద పని చేస్తున్నాడట. అంటే ఏమిటండీ?" అని మన సంఘ సభ్యురాలొకరు నన్ను అడిగారు. ఈసారి ఆ ముచ్చటే చెప్పుకుందాం.

పెళ్ళి భోజనాలను తలచుకోండి. పంక్తిలో కూర్చున్నవారు కావలసింది వడ్డించేవారిని అడుగుతారు గాని వంటశాలలోకి వెళ్ళరు. కంప్యూటర్లో ఆ వంటశాలే కెర్నల్. మెమరీ, డిస్కు, నెట్‌వర్కు అన్నీ దాని చేతిలో ఉంటాయి. మనం వాడే ప్రోగ్రాములు అతిథులు. ఒక అతిథికి పొలమారితే పక్కవారి భోజనం ఆగదు. గుండిగలో ఎవరైనా గుప్పెడు ఉప్పు వేస్తే మాత్రం అందరి భోజనమూ చెడుతుంది.

అయినా బయటివారిని రానివ్వక తప్పదు. కొత్త గ్రాఫిక్స్ కార్డు కొంటే దాని డ్రైవరు కెర్నల్లో చేరాలి. చేరాక దాన్ని ఆపేవారుండరు. 2024 జూలై 19న తెలిసివచ్చింది ఇదే. క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు విండోస్ కెర్నల్లో చోటుంది. దానికి పంపిన ఒక లోపమున్న అప్‌డేట్‌తో సుమారు 85 లక్షల కంప్యూటర్లు దెబ్బతిన్నాయని మైక్రోసాఫ్ట్ అంచనా. మన దేశంలోనూ విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు.

లినక్స్‌లో 2014లో వచ్చిన ఈబీపీఎఫ్ పద్ధతి నాకు ఎక్కువ నచ్చింది. దీని మూలం లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో స్టీవెన్ మెక్‌కాన్, వాన్ జేకబ్సన్ నెట్‌వర్క్ ప్యాకెట్లను వడగట్టడానికి తయారుచేసిన బీపీఎఫ్. దాని గురించి వారు 1992లో రాశారు. ఇక్కడ అతిథి లోపలికి రాడు, ఏం చెయ్యాలో చీటీ రాసి పంపుతాడు. వెరిఫయర్ అనే పెద్ద వంటాయన దాన్ని ముందే ఆసాంతం చదువుతాడు. ఈ పని ఎప్పటికైనా ముగుస్తుందా? తనది కాని గిన్నె ముట్టుకుంటుందా? నమ్మకం కుదరకపోతే చీటీ వెనక్కే.

ఆ పెద్దాయనా పొరబడిన సందర్భాలున్నాయి. వెరిఫయర్‌లోనూ లోపాలు బయటపడ్డాయి. అందుకే ఇప్పుడు చాలా లినక్స్ వ్యవస్థల్లో చీటీ పంపే హక్కు మామూలు వాడుకరికి ఇవ్వకుండా నిర్వాహకుడికే ఉంచుతున్నారు.

ఇది మన ఇంటి సంగతి కూడా. పిల్లలు ఆడే కొన్ని ఆటలు మోసగాళ్ళను పట్టుకోవడానికని కెర్నల్లోకే డ్రైవరు దించుతాయి. 2020లో వచ్చిన వాలరాంట్ అలాంటిదే. అది తప్పని నేననను. కాని ఏదైనా ప్రోగ్రాము నిర్వాహకుడి అనుమతి అడిగినప్పుడు వెంటనే "సరే" నొక్కకండి. ఎవరు అడుగుతున్నారో, ఎందుకో పిల్లలతో కలిసి ఒకసారి చదవండి. మన ఇంట్లో ఆ పెద్ద వంటాయన మనమే.