బడి మాన్పించే ముందు

“ఏడవ తరగతి పూర్తయింది. ఇకపై అమ్మాయిని ఇంట్లోనే చదివించుకుంటాము. ఎవరి అనుమతి తీసుకోవాలి?” ఇటీవల బొబ్బిలిలో ఒక సోదరి అడిగిన ప్రశ్న ఇది. ఇలా అడిగేవారు పెరుగుతున్నారు కనుక సమాధానం అందరికీ చెప్పడం మంచిది.

అటువంటి అనుమతి పత్రమేదీ లేదు. ఇంటి చదువును నమోదు చేసుకునే పద్ధతిని మన చట్టాలు ఏర్పరచలేదు. దానిని నిషేధించనూ లేదు. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం 6 నుండి 14 ఏళ్ల పిల్లలను బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అని 10వ సెక్షన్‌లో చెబుతుంది. ఆ విధిని నెరవేర్చనివారికి శిక్ష మాత్రం పేర్కొనలేదు. 2012 సవరణ ద్వారా మదరసాలకు, వేద పాఠశాలలకు ఈ చట్టం నుండి మినహాయింపు లభించింది. కొందరు ఆ మినహాయింపు తమ ఇంటికీ వర్తిస్తుందనుకుంటున్నారు. అది సంస్థలకు ఇచ్చినది, ఇళ్లకు కాదు.

కాబట్టి చేయవలసినదంతా మన జాగ్రత్తలోనే ఉంది. బడి నుండి టీసీ, మార్కుల పత్రాలు తీసుకోండి. జనన ధ్రువపత్రంలోనూ, ఆధార్‌లోనూ పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోండి (మన పేర్ల ఉర్దూ ఉచ్చారణ తెలుగులో ఒకచోట ఒకలా, మరొకచోట మరొకలా నమోదు కావడం మనకు తెలిసినదే). బడి మానిన పిల్లల వివరాల కోసం వార్డు సచివాలయ సిబ్బంది ఇంటికి రావచ్చు. వారిని తప్పించుకోవద్దు. పిల్ల ఏమి చదువుతున్నదో చూపించండి. మండల విద్యాధికారికి ఒక లేఖ వ్రాసి, అందినట్లు సంతకం తీసుకోవడం చట్టం కోరినది కాదు గాని, మేలు చేస్తుంది. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడే వ్రాసి పెట్టుకోమని దివ్యఖుర్‌ఆన్ (2:282) ఆదేశించింది. బిడ్డ చదువు అంతకంటే చిన్న వ్యవహారమా? ఏ రోజు ఏ పాఠం జరిగిందో ఒక పుస్తకంలో వ్రాయండి.

పరీక్షకు దారి ఉంది. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ 3, 5, 8 తరగతులకు సమానమైన స్థాయిలను నిర్వహిస్తుంది. 14 ఏళ్లు నిండినవారు అక్కడ గాని, ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠంలో గాని పదవ తరగతికి నమోదు కావచ్చు. విద్యాపీఠంలో ఉర్దూ మాధ్యమం కూడా ఉన్నది. ఆ ధ్రువపత్రంతో ఇంటర్‌లో చేరవచ్చు. అయితే బడి మానితే మధ్యాహ్న భోజనం, ‘తల్లికి వందనం’ సొమ్ము ఉండవు. పేద కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు.

ఇవన్నీ అడిగిన సోదరిని నేనొకటి అడిగాను: “ఇంట్లో గణితం, సైన్సు చెప్పేవారెవరు?” ఆమె మౌనం వహించారు. అబ్బాయిని హిఫ్జ్ కోసం ఇంట ఉంచితే దినచర్య వ్రాసి గోడకు అతికిస్తాము. అమ్మాయిని ఉంచితే ఆ సమయమంతా వంటగదికీ, తమ్ముళ్ల సంరక్షణకూ పోతుంది. దానికి ఇంటి చదువు అని పేరు పెట్టడం అన్యాయం. హజ్రత్ ఆయిషా (రజి) వద్ద ఎందరో సహాబాలు, తాబయీన్‌లు విద్య నేర్చుకున్నారు. ఆ తల్లిని ఆదర్శంగా చెప్పుకునే మనం కూతురి చేతి పుస్తకం తీసివేయరాదు. రోజుకు కనీసం మూడు గంటలు బోధించే మనిషి ఇంట లేకపోతే ఈ ఆలోచన మానుకోండి. పర్దా విషయమే మీ సంకోచమైతే, ముందు ప్రధానోపాధ్యాయులతో మాట్లాడండి.

మొదలుపెట్టిన తరువాత సాగకపోతే వెనుకాడవద్దు. సంవత్సరం మధ్యలో వచ్చారని గాని, టీసీ ఆలస్యమైందని గాని 14 ఏళ్లలోపు బిడ్డను ప్రభుత్వ పాఠశాల తిరస్కరించరాదు. 4వ సెక్షన్ ప్రకారం వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకుని, వెనుకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి.