వించ్ బంపర్: బలం ఎక్కడ ఉంటుంది?

అమెరికాలో పికప్ ట్రక్కు యజమానులు పలువురు కంపెనీ బిగించిన ముందు బంపర్‌ను ఇంటి గ్యారేజీలోనే విప్పి, ఆ స్థానంలో వించ్‌ను మోయగల ఉక్కు బంపర్‌ను స్వయంగా అమర్చుకుంటారు. వించ్ అంటే బ్యాటరీ విద్యుత్తుతో తిరిగే డ్రమ్ముకు తాడు చుట్టుకుంటూ, బురదలోనో ఇసుకలోనో దిగబడిన బండిని బయటికి లాగే యంత్రం. దాని సామర్థ్యం బండి గరిష్ఠ అనుమతి బరువుకు కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలన్నది స్థిరపడిన లెక్క. అంటే 3,000 కిలోల ట్రక్కుకు 4,500 కిలోల వించ్ కావాలి. ఆ పూర్తి బలం కూడా డ్రమ్ము మీద తాడు ఒక్క వరుసే ఉన్నప్పుడు దక్కుతుంది, వరుసలు పెరిగేకొద్దీ తగ్గుతుంది.

ఇది ఇంట్లో చేసుకోదగిన పనే. అయితే రేకు మందాన్నీ రూపాన్నీ చూసి బంపర్‌ను ఎంచుకోవడం పొరపాటు, ఎందుకంటే లాగేటప్పుడు పుట్టే బలమంతా బంపర్‌ను ఛాసిస్ ఫ్రేముకు, అంటే బండి బరువును మోసే ఉక్కు దూలాలకు, కలిపే కొద్దిపాటి బోల్టుల మీదనే పడుతుంది. అందువల్ల బోల్టులన్నిటినీ ముందు చేతితో వదులుగా ఎక్కించి, బంపర్‌కూ గ్రిల్‌కూ మధ్య సందు రెండు వైపులా సమానంగా ఉందో లేదో చూసి, ఆ తర్వాతనే తయారీదారు చెప్పిన బిగువు మేరకు టార్క్ రెంచ్‌తో బిగించాలి. కొన్ని వందల కిలోమీటర్లు నడిపాక మళ్లీ సరిచూడాలి. పూర్తి భారం మీద వించ్ 400 ఆంపియర్లకు పైగా విద్యుత్తును లాగగలదు గనుక, దాని తీగలు ఉక్కు అంచుకు రాసుకుని తొడుగు అరిగితే మంటలు లేవడానికి ఆ ఒక్క చోటు చాలు. తీగ వెళ్లే ప్రతి రంధ్రానికీ రబ్బరు రింగు పెట్టడం, పని మొదలుపెట్టేముందే బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పడం తప్పనిసరి.

బంపర్, వించ్ కలిసి వంద కిలోలు దాటడం మామూలే. ఆ బరువంతా ముందు ఇరుసుకు అవతల వేలాడడం వల్ల స్ప్రింగులు కుంగుతాయి, స్టీరింగ్ తీరు మారుతుంది. ఇంతకన్నా ముఖ్యమైనది ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థ: బండి ముందుభాగం ఢీకొన్నప్పుడు ఏ వేగంతో నలుగుతుందో లెక్కగట్టి దాని సెన్సార్లను సరిచేసి ఉంచుతారు కాబట్టి, ఆ మోడల్‌కు సరిపడేలా రూపొందించినదని తయారీదారు స్పష్టంగా చెప్పని బంపర్‌ను, ధర ఎంత తక్కువైనా, కొనకూడదు. ముందు బండికి దూరం పాటించే రాడార్ ఉంటే, దాన్ని తిరిగి సరిచేసే పనిని తగిన పరికరాలున్న వర్క్‌షాపుకే వదిలేయాలి.

అమెరికా వీడియోలు చూసి ఇక్కడి బళ్లకు అదే పని చేయాలనుకునేవారు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. అయితే బండి ముందు అదనంగా బిగించే ఉక్కు చట్రాలు, అంటే క్రాష్ గార్డులు, బుల్‌బార్లు, 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకు రాసింది. వాహనానికి ముందు బిగించిన గట్టి ఉక్కు, తగిలిన పాదచారికి మరింత తీవ్రమైన గాయం చేస్తుందన్న ఆందోళన ఆ ఆదేశం వెనుక ఉంది; గుంతల రోడ్ల మీద జనం బళ్ల మధ్యనే నడిచే మన ఊళ్లలో ఆ ఆందోళన పూర్తిగా న్యాయమైనది.