చీహోంగ్ అడిగిన "నువ్వు"

"హాస్పిటల్ ప్లేలిస్ట్" ఇంకా చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి, కథంతా తెలిసిపోతుంది. మొదటి సీజన్ 2020లో, రెండోది 2021లో వచ్చాయి కాబట్టి నాకేమీ పాపం అంటదు.

చూసినవాళ్ళలో నాకు తెలిసినంతవరకూ అందరూ ఇక్‌జున్ పార్టీయే. నేను చీహోంగ్ పార్టీ. ఎందుకో చెప్తాను.

1999లో మెడిసిన్‌లో చేరిన ఐదుగురు స్నేహితులు నలభై ఏళ్ళ వయసులో ఒకే ఆసుపత్రిలో పనిచేస్తూ, తీరిక దొరికితే బ్యాండ్ కట్టి పాటలు వాయించుకుంటూ ఉంటారు. అందులో సాంగ్‌హ్వా న్యూరోసర్జన్. ఇక్‌జున్ లివర్ సర్జన్, విడాకులైనవాడు, ఒక కొడుకు. జో జంగ్‌సుక్ ఆ పాత్ర వేశాక ఇష్టపడకుండా ఉండటం కష్టమే, ఒప్పుకుంటాను. చీహోంగ్ (కిమ్ జున్‌హాన్) సాంగ్‌హ్వా దగ్గర రెసిడెంట్. సైన్యంలో ఆఫీసరుగా చేసి ఆలస్యంగా వైద్యంలోకి వచ్చినవాడు. చుట్టూ కుర్రవాళ్ళు, మధ్యలో ఈయన. కానీ హోదాలో వాళ్ళతో సమానం.

ఇతను సాంగ్‌హ్వాని ఇష్టపడతాడు. తన పుట్టినరోజు కోరికగా ఆమెని ఏమడుగుతాడో గుర్తుందా? మీతో "నువ్వు" అని మాట్లాడనా అని.

ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌లో ఇది అదేదో మర్యాదలు వదిలేసి మాట్లాడటం అన్నట్టు వస్తుంది. మా ఆఫీసులో ఈ డ్రామా చూసిన అమెరికన్ అమ్మాయికి ఆ సీన్‌లో ఏముందో అర్థమే కాలేదు. పాపం, తన తప్పేం లేదు. పొద్దున్న లేస్తే కంపెనీ వైస్ ప్రెసిడెంట్‌నీ పిల్లినీ ఒకే "యూ"తో పిలిచే భాష. మనకి వివరించక్కర్లేదు. కొరియన్‌లో చాలాసార్లు "నువ్వు", "మీరు" అన్న మాటే వాక్యంలో ఉండదు, తేడా అంతా క్రియ చివర ఉంటుంది. మన "తిన్నావా", "తిన్నారా" లాగే. అతను రోజూ ఆమెని "క్యోసునిమ్" అంటాడు. క్యోసు అంటే ప్రొఫెసరు, నిమ్ అంటే దాదాపు మన గారు. ఆ "రా"లోంచి "వా"లోకి దిగడానికి మనిషి అనుమతి అడుగుతున్నాడు. చెయ్యి పట్టుకోనా అని అడగడం కన్నా నాకది పెద్ద విషయంగా కనిపించింది.

మనవైపు ఇది ఎవరడిగారు? మా అమ్మ నాన్నని యాభై ఏళ్ళుగా "మీరు" అంటోంది, ఆయన పెళ్ళిపీటల మీంచే "నువ్వు". మా ఆయన పెళ్ళైన కొత్తలో నన్ను "నువ్వు" అనమన్నాడు, నాకు నోరు తిరగడానికి ఏడాది పట్టింది, అదీ అత్తగారు పక్కగదిలో లేనప్పుడు. (ఇక్కడ పుట్టిన మా అబ్బాయి వాళ్ళ తాతయ్యని "నువ్వెప్పుడొస్తావ్" అంటాడు. ఫోన్లో అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం, తర్వాత నవ్వు.)

ఒంటి ప్రేమికుల్ని మనం చూడలేదా అంటే చూశాం. "ఆర్య" 2004లో వచ్చినప్పుడు నేనూ ఈలలు విన్నదాన్నే. అందులో అమ్మాయి వద్దన్నా వెంటపడటమే ప్రేమకి కొలత. చీహోంగ్‌లో ఆ వెంటపడటం లేదు. ఆమె తన పై అధికారి అన్న సంగతి మర్చిపోడు. పనిలో తేడా రానివ్వడు.

ఇప్పుడు ఇక్‌జున్ సంగతి. కాలేజీ రోజుల్లోనే సాంగ్‌హ్వా అంటే ఇష్టం. స్నేహితుడు సోక్‌హ్యాంగ్ ఆమెకి మనసు చెప్పబోతున్నాడని తెలిసి నోరు మూసుకున్నాడు. అలా ఇరవై ఏళ్ళు. మొదటి సీజన్ చివర్లో సొక్‌చో వెళ్ళి చెప్తాడు, అదీ ఎవరో స్నేహితురాలి గురించి సలహా అడుగుతున్నట్టు డొంకతిరుగుడుగా. ఆమె స్నేహితులుగానే ఉందామంటుంది, రెండో సీజన్లో ఆమే మనసు మార్చుకుంటుంది. అది ఆమె ఇష్టం, నాకు గొడవ లేదు. చీహోంగ్‌ని చేసుకోవాల్సిందని కూడా అనడం లేదు.

నా గొడవ దర్శకుడు షిన్ వొన్‌హోతో, రచయిత్రి లీ ఊజంగ్‌తో. వీళ్ళిద్దరే ఇంతకుముందు "రిప్లై 1988" తీశారు. అందులో జంగ్‌హ్వాన్ అమ్మాయి దగ్గరికి బయల్దేరి ట్రాఫిక్ సిగ్నళ్ళ దగ్గర ఆగీ ఆగీ, చేరేసరికి అక్కడ తేక్ ఉంటాడు. తప్పు సిగ్నళ్ళది కాదు, తన తటపటాయింపుదే అనుకుంటాడు జంగ్‌హ్వాన్. ఆ సీన్‌కి ఏడ్చినవాళ్ళు ఎందరో. అక్కడ చెప్పకుండా దాచుకున్నవాడికి శిక్ష వేసిన వీళ్ళే, ఇక్కడ ఇరవై ఏళ్ళు దాచుకున్నవాడికి బహుమతి ఇచ్చారు. నోరు తెరిచి అడిగినవాడిని రెండో సీజన్‌కి వచ్చేసరికి దాదాపు పక్కన పెట్టేశారు.

ఇక్‌జున్ అభిమానులు "పాత స్నేహం ముందు కొత్తవాడెంత" అంటారు. సరే. కానీ ఇక్‌జున్‌కి ఆ "వా" పద్ధెనిమిదేళ్ళకే ఉచితంగా దొరికింది. ఒక బ్యాచ్‌లో చేరాడు, వచ్చేసింది. దాన్ని అడగాల్సిన అవసరం ఎప్పుడూ పడలేదు. ఇద్దరి ప్రేమనీ ఒకే తరాజులో తూచేటప్పుడు ఇదికూడా వెయ్యాలి కదా.

వీలైతే మొదటి సీజన్లో వాళ్ళిద్దరి సీన్లు సబ్‌టైటిల్స్ మూసేసి ఒకసారి వినండి. మాట చివర "యో" అని వినబడితే "మీరు" అన్నట్టు. అది ఎక్కడ ఆగుతుందో చూడండి.