టోపీ కూడా పనిముట్టే

మే నెల మధ్యాహ్నం విజయవాడ బెంజి సర్కిల్‌లోనో హైదరాబాద్ అమీర్‌పేటలోనో ఎర్ర లైటు పడి బండ్లు ఆగినప్పుడు గమనిస్తే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. స్కూటీ మీది అమ్మాయి చున్నీతో మొహం, మెడ చుట్టుకుని, మోచేతుల పైదాకా గ్లౌజులు తొడుక్కుని ఉంటుంది. పక్క బైకు మీది మగవాడు పొట్టి చేతుల టీషర్టుతో, హెల్మెట్ అద్దం పైకెత్తుకుని, మాడే ఎండలో కూర్చుని ఉంటాడు. అతడి టీషర్టు చెయ్యి బెత్తెడు పైకి జరిపితే చాలు, గీత గీసినట్టు రెండు రంగులు బయటపడతాయి. గీతకు పైన పుట్టుకతో వచ్చిన రంగు. కింద కమిలి, గరుకెక్కి, వేళ్ల కణుపుల దగ్గర మరీ నల్లబడిన చర్మం. మెడ దగ్గర కాలరు తెరిచిన మేర మరో ముక్కోణం. ఆమె చుట్టుకున్నది నల్లబడతానన్న భయంతో. అతడు చుట్టుకోనిది నల్లబడితే తనకేం పోయిందన్న ధీమాతో. ఆ భయానికీ ఈ ధీమాకూ మూలం ఒకటే: ఎండ చేసే చెరుపు రంగు మారడంతో సరి అనే నమ్మకం. ఆ నమ్మకం తప్పు. ఎండ నుంచి చర్మాన్ని కాపాడుకోవడాన్ని అందం పద్దులోంచి తీసి పనిచోట భద్రత పద్దులో రాసుకుంటే తప్ప మగవాళ్లు దాన్ని పట్టించుకోరు, పట్టించుకున్నా తప్పుదారి పడతారు.

ముందు ఎండకూ వేడికీ తేడా తెలియాలి. మన ఒంటికి తెలిసేది వేడి. చర్మాన్ని దెబ్బతీసే అతినీలలోహిత (యూవీ) కిరణాలు కంటికి కనపడవు, ఒంటికి తెలియవు. వాటిలో యూవీ-బి పైపొరను కాలుస్తుంది. యూవీ-ఎ ఇంకా లోతుకు దిగి, చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్‌ను పాడుచేసి ముడతలు, మచ్చలు తెస్తుంది. ఉష్ణోగ్రత మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల ప్రాంతంలో గరిష్ఠానికి చేరితే, ఈ కిరణాలు సూర్యుడు నడినెత్తికొచ్చే పన్నెండుంబావు ప్రాంతంలోనే తారస్థాయిలో ఉంటాయి. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా తల మీదికి వచ్చి నిటారు స్తంభానికి కూడా నీడ పడని క్షణం ఒకటుంటుంది. ఈ కిరణాల తీవ్రతను చెప్పే యూవీ సూచీ 3కు చేరినప్పటి నుంచే జాగ్రత్త పడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 8 నుంచి అది చాలా ఎక్కువ, 11 నుంచి విపరీతం. మబ్బు లేని వేసవి మధ్యాహ్నాల్లో తెలుగునాట అది 11 దాటడం మామూలే. మూడు గంటల వడగాలికి జడిసి తలుపులు వేసుకునే మనిషే పదకొండున్నరకు నిశ్చింతగా బజారుకు బయల్దేరుతాడు. మార్చి మొదట్లో, గాలి ఇంకా హాయిగా ఉన్నప్పుడే, సూచీ పైకి ఎక్కేసి ఉంటుంది. "ఎండలు ఇంకా ముదరలేదు కదా" అనుకుంటూ తిరిగే రోజుల్లోనే చర్మానికి దెబ్బ తగలడం మొదలవుతుంది.

దీనికి ఎవరైనా చెప్పే మొదటి అభ్యంతరం, మనది నల్ల చర్మం, తెల్లవాళ్ల జాగ్రత్తలు మనకెందుకు అని. ఇందులో నిజం ఉంది, దాన్ని దాచి వాదించడం న్యాయం కాదు. మన చర్మంలోని మెలనిన్ సహజమైన గొడుగు. తెల్లజాతివారితో పోలిస్తే మనలో చర్మ క్యాన్సర్ చాలా అరుదు. అయితే ఆ గొడుగుకూ ఒక హద్దుంది. ఆఫ్రికా సంతతివారి చర్మం పైపొరను ప్రయోగశాలలో పరీక్షించినప్పుడు దాని సహజ రక్షణ, సన్‌స్క్రీన్ రక్షణను కొలిచే ఎస్పీఎఫ్ లెక్కలో, దాదాపు 13తో సమానమని తేలింది. చామనఛాయ తెలుగువాడికి ఉండేది అంతకన్నా తక్కువే. పైగా ఎండ చేసే హాని క్యాన్సర్ ఒక్కటే కాదు. చెంపల మీద, నుదుటి మీద గోధుమరంగు చారలుగా వచ్చే మంగు ఆడవాళ్ల జబ్బని పేరు. కానీ 2010లో వెలువడిన ఒక భారతీయ అధ్యయనంలో మంగు రోగుల్లో ఐదో వంతు మగవాళ్లే. మన ఛాయ వారిలో మంగును మాటిమాటికీ తిరగబెట్టేది ఎండే. పొలం గట్ల మీద, ఖాళీ స్థలాల్లో పెరిగే వయ్యారిభామ పడని వారికి మొహం, మెడ, ముంజేతుల మీద దురదతో దద్దుర్లు లేచి ఏళ్ల తరబడి వేధిస్తాయి. ఈ బాధ ఎక్కువగా కనిపించేది బయట పనిచేసే నడివయసు మగవాళ్లలోనే, ఎండ తగిలితే అది మరింత రేగుతుంది. కంటి తెల్లగుడ్డు మీద కండలా మొదలై నల్లగుడ్డు మీదికి పాకే టెరీజియం సంగతీ ఇంతే. ఎల్‌వీ ప్రసాద్ కంటి వైద్య సంస్థ చేపట్టిన ఆంధ్రప్రదేశ్ నేత్ర వ్యాధుల అధ్యయనం, బయట పనులు చేసేవారిలో అది ఎక్కువని చూపింది. శుక్లాలు త్వరగా రావడంలోనూ ఈ కిరణాలకు వాటా ఉంది.

ఈ జాబితా మొత్తంలో ఎండకు ఎక్కువసేపు ఎదురు నిలిచేది ఎవరో చూడండి. ఆటో, లారీ, క్యాబ్ నడిపేవాళ్లు, ఇంటింటికీ సరుకు చేర్చే కుర్రాళ్లు, ట్రాఫిక్ పోలీసులు, తాపీ పనివాళ్లు, లైన్‌మెన్లు, పొలంలో మందు కొట్టేవాళ్లు. కలుపు తీసే, నాట్లు వేసే, ఇటుకలు మోసే ఆడవాళ్లూ ఇదే ఎండలో ఉన్నారు, కాదనలేం. కానీ రోడ్డు మీది కొలువుల్లో అత్యధికులు మగవాళ్లే. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2023లో వెల్లడించిన అంచనా ప్రకారం 2019లో 160 కోట్ల మంది పనిలో భాగంగా ఎండకు గురయ్యారు. మెలనోమా అనే రకం కాని చర్మ క్యాన్సర్ల మరణాల్లో దాదాపు మూడింట ఒకటి ఎండలో పనిచేయడం వల్లే, అలా పోయినవారిలో 65 శాతం మగవాళ్లు. ఎండ వల్ల పనివాళ్లకు వచ్చే ఒక రకం చర్మ క్యాన్సర్‌ను జర్మనీ 2015 నుంచి వృత్తిరీత్యా వచ్చే జబ్బుల పట్టికలో చేర్చింది. అద్దాల చాటున ఉన్నాం కదా అనుకోవడానికీ లేదు, యూవీ-ఎ మామూలు అద్దం గుండా దూసుకొస్తుంది. ఇరవై ఎనిమిదేళ్లు లారీ నడిపిన ఒక అమెరికన్ ఫొటోను 2012లో ఒక ప్రముఖ వైద్య పత్రిక ప్రచురించింది. కిటికీ వైపున్న ఎడమ చెంప ముడతలు పడి వేలాడుతుంటే కుడి చెంప చాలా ఏళ్లు చిన్నదిగా కనిపిస్తుంది. మన డ్రైవరు కూర్చునేది కుడివైపు గనక ఇక్కడ ఆ వంతు కుడి చెంపది, కుడి చేతిది.

ఇంత స్పష్టమైన ఆరోగ్య సమస్యను మన బజారు మాత్రం తెలుపు-నలుపుల బేరంగా మార్చేసింది. మగవాళ్ల చర్మం గురించి మన టీవీల్లో పెద్దయెత్తున చర్చ మొదలైందే 2005లో మగవాళ్లకంటూ తెల్లబరిచే క్రీము వచ్చాక. అప్పటి నుంచి మగవాడి ముందు రెండే దారులున్నాయి. ఒకటి, ఇదంతా ఆడంగి వ్యవహారమని మొహం తిప్పుకోవడం. రెండు, రంగు కోసం ఎగబడటం. రెండో దారి మరీ ప్రమాదం. సెలూన్‌లో బ్లీచు, 'డీట్యాన్' పూతలతో ఎండకు అప్పటికే చిరాకుపడి ఉన్న చర్మాన్ని మరింత రేపుతారు. ఇంకొందరు మందుల దుకాణంలో నోటిమాట మీద స్టెరాయిడ్ కలిసిన క్రీములు కొని నెలల తరబడి రాస్తారు. పది రోజులు మొహం నిగనిగలాడుతుంది. తర్వాత చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలు లేచి, ఎండలోకి వెళ్తే భగ్గుమంటుంది. పూత ఆపితే అన్నీ రెట్టింపవుతాయి. డాక్టరు చీటీ లేకుండా ఇలాంటి స్టెరాయిడ్ పూతలు అమ్మకూడదని 2018లోనే కేంద్రం నిబంధన బిగించినా అడిగితే ఇచ్చే దుకాణాలకు కొదవలేదు. రక్షణ అడగాల్సిన మగవాడు రంగు అడుగుతున్నాడు, అదే అతడికి అమ్ముడవుతోంది.

పని భద్రత కోణంలో చూస్తే చేయాల్సిన పనుల వరుస దానంతటదే సర్దుకుంటుంది. మొదటిది వేళ, రెండోది బట్ట, సన్‌స్క్రీన్ మూడోది. ప్రపంచంలో చర్మ క్యాన్సర్ బెడద అధికంగా ఉన్న ఆస్ట్రేలియాలో 1981లో మొదలైన ప్రచారం కూడా ముందు చొక్కా తొడుక్కోమంది, తర్వాతే క్రీము రాసుకోమంది, ఆపైన టోపీ పెట్టుకోమంది. తలపాగా చుట్టి, భుజాన తుండుగుడ్డ వేసుకుని పొలానికి వెళ్లిన మన పాతకాలపు రైతుకు ఇది కొత్త పాఠమేం కాదు. తాతలు ఎండలో బతకలేదా అని అడిగేవాళ్లు ఆ తాతల నెత్తి మీద ఏముండేదో కూడా గుర్తు చేసుకోవాలి. ఇప్పటి క్రికెట్ టోపీ నుదుటికి నీడనిస్తుంది కానీ చెవులనూ మెడ వెనకనూ గాలికొదిలేస్తుంది. చుట్టూ అంచున్న టోపీ, లేదంటే చెవుల మీదుగా మెడ మీదికి దిగేలా కట్టిన తువ్వాలు, ముంజేతుల దాకా వచ్చే వదులు చొక్కా, యూవీ ఆపే కళ్లజోడు ఉంటే సగానికి పైగా పని అయిపోయినట్టే. వేసవి అనగానే పలచని తెల్ల బట్ట ఎంచుకుంటాం. అది వేడికి హాయి, కిరణాలకు మాత్రం జల్లెడ. చెమటకు తడిస్తే మరీ లోపలికి వదిలేస్తుంది. నేత దగ్గరగా ఉండి, రంగు అద్దిన వదులు నూలు బట్ట మేలు. బైకు మీదివాళ్లకైతే రక్షణ నెత్తి మీదే ఉంది: హెల్మెట్ అద్దం కిందికి దించడానికి పైసా ఖర్చు లేదు.

బట్ట కప్పలేని చోట సన్‌స్క్రీన్ కావాలి. మొహం, చెవులు, మెడ వెనక, అరచేతుల వెనక, జుట్టు పలచబడిన నడినెత్తి. ఎస్పీఎఫ్ 30 ఉంటే యూవీ-బిలో సుమారు 97 శాతాన్ని ఆపుతుంది, 50 ఉంటే 98 శాతం. అంకె పెద్దదని ఎక్కువ డబ్బు పోయనక్కర్లేదు, యూవీ-ఎకు కూడా పనిచేస్తుందని డబ్బా మీద ఉందో లేదో చూసుకుంటే చాలు. అసలు లోపం పరిమాణంలో వస్తుంది. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా పిండినంత క్రీము మొహానికీ మెడకూ కావాలి, మనవాళ్లు బఠాణీ గింజంత రాసి పనిచేయలేదంటారు. చెమట పట్టే ఎండలో రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. కొబ్బరినూనె, ముల్తానీ మట్టి, గంధం ఈ రక్షణ ఇవ్వలేవు. మంగు ఉన్నవారికి కంటికి కనిపించే వెలుగు కూడా పడదు కాబట్టి ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ మెరుగు. ఆస్ట్రేలియాలోని నాంబర్ అనే పట్టణంలో మగవాళ్లూ ఆడవాళ్లూ పాల్గొన్న ఒక పరీక్షలో, నాలుగున్నరేళ్లు రోజూ రాసుకున్నవారి చర్మం తోచినప్పుడు రాసుకున్నవారి చర్మంకన్నా 24 శాతం తక్కువ ముదిరినట్టు తేలింది. అది తెల్ల చర్మాల మీద చేసిన పరీక్ష, మనకు అంతే లాభం ఉంటుందనలేం. లాభం దిశ మాత్రం అదే.

ఎండ తగలకపోతే డి విటమిన్ మాటేమిటని అడిగేవారున్నారు. ఆ ప్రశ్నకు తిరుపతిలోనే పాఠం ఉంది. అక్కడి స్విమ్స్ వైద్య సంస్థ పరిశోధకులు పల్లె, పట్నం ప్రజలను పరీక్షించినప్పుడు రోజంతా పొలంలో ఎండలో ఉండేవారి డి విటమిన్ పట్నవాసుల కంటే మెరుగ్గా ఉన్నా, వారిలోనూ చాలామందికి లోపం కనిపించింది. ఎండలో మాడటమే మందైతే ఆ రైతుకు లోపం ఉండకూడదు. సన్‌స్క్రీన్ రోజూ దట్టంగా రాసేవారిలో ఈ విటమిన్ కొంత తగ్గే వీలుంది. ఆ లోటును డాక్టరు సలహాతో వాడే చవక మాత్ర తీరుస్తుంది, దెబ్బతిన్న కొల్లాజెన్‌ను తీర్చే మాత్ర మాత్రం లేదు.

వడదెబ్బకు మనుషులు పోతుంటే చర్మం గురించి వాదనలా అనేది మరో అభ్యంతరం, అన్నిటికన్నా బరువైనది. 2015 వేసవిలో దేశమంతటా రెండు వేల మందికి పైగా వడదెబ్బతో చనిపోతే వారిలో అత్యధికులు తెలుగువారే. ప్రాణం ముందు, చర్మం తర్వాత అనడంలో వివాదం లేదు. అయితే నీడ, టోపీ, పనివేళల మార్పు ప్రాణానికీ చర్మానికీ ఒకేసారి కాపు కాస్తాయి. పిల్లల కోసం ఏటా ఒంటిపూట బడులు పెడతాం. ఉపాధి హామీ పనులను వేసవిలో తెల్లవారుజామునే మొదలుపెడతాం. అదే ప్రైవేటు నిర్మాణ స్థలంలో, డెలివరీ యాప్‌లో మాత్రం మిట్టమధ్యాహ్నపు పనివేళ మారదు. వడదెబ్బను తెలంగాణ 2025లో రాష్ట్ర విపత్తుగా గుర్తించి మృతుల కుటుంబాలకు 4 లక్షల రూపాయలు ప్రకటించింది. చనిపోయాక ఇచ్చే సాయం లెక్కలోకి వచ్చింది గానీ, బతికుండగా నెత్తిన పెట్టే టోపీ ఇంకా ఏ లెక్కలోకీ రాలేదు.

ఖర్చు ఎవరిది అన్న ప్రశ్నకూ జవాబు ఇక్కడే ఉంది. రోజుకూలీ మీద సన్‌స్క్రీన్ ట్యూబు భారం మోపడం అన్యాయం. కానీ 1996 చట్టంతో మొదలై నిర్మాణ కార్మికుల పేరు మీద యజమానుల నుంచి వసూలయ్యే సెస్సు సంక్షేమ మండళ్ల దగ్గర ఉంది. అంచు టోపీ, పొడుగు చేతుల చొక్కా, కళ్లజోడు ఆ డబ్బుతో ఇవ్వవచ్చు. డెలివరీ కంపెనీ తన గుర్తు అచ్చేసిన పొట్టి చేతుల టీషర్టు బదులు పొడుగు చేతులది ఇస్తే ప్రచారమేమీ తగ్గిపోదు. 2025 సెప్టెంబరులో జీఎస్టీ తగ్గించినప్పుడు ఫేస్ పౌడరు, షేవింగ్ క్రీము 5 శాతంలోకి దిగాయి. సన్‌స్క్రీన్ 18 శాతంలోనే ఉండిపోయింది. ఆస్ట్రేలియాలో తగిన ప్రమాణం ఉన్న సన్‌స్క్రీన్ మీద జీఎస్టీయే లేదు, బయట పనిచేసేవారు దాని ఖర్చును ఆదాయపన్ను లెక్కలో చూపుకోవచ్చు కూడా. కట్టడం మీదికెక్కేవాడికి హెల్మెట్ ఇవ్వకపోతే యజమానిని తప్పుపట్టడం నేర్చుకున్నాం. మిట్టమధ్యాహ్నం అదే మనిషిని టోపీ లేకుండా, నీడ లేకుండా నిలబెట్టినప్పుడు కూడా అదే తప్పు కింద రాయాలి. మగవాడు తన చర్మాన్ని తాను కాపాడుకోవడం సోకు అనిపించుకోకుండా ఉండాలంటే, ముందు దాన్ని పనిలో అతడికి దక్కాల్సిన హక్కుగా ఒప్పుకోవాలి.